‘చక్రీయ’ అన్న మాట వదిలేస్తే ఎట్లా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ విద్యార్థుల పేజీలో చతుర్భుజ వైశాల్యం మీద వచ్చిన వ్యాసాన్ని మా ట్యూషన్ పిల్లలు తెచ్చి చూపించారు. నాలుగు భుజాలు తెలిస్తే చాలు, ప్రాచీన గణితవేత్త బ్రహ్మగుప్తుడి సూత్రంలో వేసి ఏ చతుర్భుజం వైశాల్యమైనా తీయొచ్చని, ఇంటి ప్లాటు లెక్కకు కూడా పనికొస్తుందని రాశారు. అది తప్పండి. ఆ సూత్రం చక్రీయ చతుర్భుజానికే, అంటే నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడేదానికే సరిపోతుంది. ఎదురెదురు కోణాలు కలిపితే 180 డిగ్రీలు రావాలి. దీర్ఘచతురస్రానికి వస్తాయి, రాంబస్‌కు (నాలుగు భుజాలూ సమానంగా ఉండేదానికి) రావు, అది చతురస్రమైతే తప్ప.

మా హనుమకొండలో ఒక ప్లాటు నాలుగు వైపులా 60 అడుగులే ఉందనుకోండి. సూత్రం ప్రకారం 3600 చదరపు అడుగులు, అంటే 400 గజాలు. కానీ ప్లాటు పక్కకు ఒరిగి ఒక మూల 60 డిగ్రీలే ఉంటే, అసలు ఉండేది సుమారు 346 గజాలు. నాలుగు కొలతలూ సరైనవే, టేపులో మోసం లేదు, అయినా 54 గజాలు లేని భూమికి డబ్బు కట్టినట్టే, ఇప్పుడున్న రేట్లకు అదెంతో మీరే లెక్కేసుకోండి. ఎదురు భుజాల సగటులు తీసి గుణించే పద్ధతి ఉంది చూడండి, అది కూడా ఇక్కడ 400 అనే చెప్తుంది. దాన్ని బ్రహ్మగుప్తుడే 628లో స్థూల ఫలం అన్నాడు, అంటే ఉజ్జాయింపు లెక్క అని.

వృత్తం షరతును ఆయన తన సూత్రం చెప్పిన శ్లోకంలో విడిగా చెప్పలేదు, తకరారంతా అక్కడే. 1150లో గణితవేత్త భాస్కరుడైతే తన లీలావతి గ్రంథంలో గట్టిగానే వేసుకున్నాడు: కర్ణమో లంబమో చెప్పకుండా చతుర్భుజ వైశాల్యం అడిగేవాడు పిశాచం, జవాబు చెప్పేవాడు అంతకన్నా పెద్ద పిశాచం అని. (మీ వ్యాసకర్తను నేను అనడం లేదు, ఆ కోపం భాస్కరుడిది.)

ఎదురెదురు మూలలకు టేపు పట్టి కర్ణం కూడా కొలిస్తే చాలు, ప్లాటు రెండు త్రిభుజాలవుతుంది. త్రిభుజం మూడు భుజాలూ తెలిస్తే ఇక ఆకారం ఒరగదు, మూడు భుజాల నుంచి వైశాల్యం తీసే హెరాన్ సూత్రంతో లెక్క తేలుతుంది. పైన చెప్పిన ప్లాటులో చిన్న కర్ణం కూడా 60 అడుగులే.

వచ్చే వారం పేజీలో సవరణ వేయండి, వీలైతే బొమ్మతో సహా. పిల్లలు ఆ వ్యాసం కత్తిరించి నోట్‌బుక్కుల్లో అంటించుకున్నారు.

– ఒక పాఠకుడు, హనుమకొండ