ఇసే వెళ్తే కొబ్బరికాయ వద్దు

సంపాదకులకు,

నల్గొండ, మిర్యాలగూడల నుంచి జపాన్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దల కోసం యాత్రా వ్యాసాలు వస్తున్నాయి, మంచిదే. కానీ అక్కడి గుళ్లన్నిటినీ బౌద్ధాలయాలని ఒకే గాటన కట్టేస్తున్నారు. దారిలో రెండు స్తంభాల ‘తోరీ’ ద్వారం ఉంటే మామూలుగా అది జపాన్ సొంత మతమైన షింటో గుడి. అక్కడ చప్పట్లు కొట్టి మొక్కుతారు, బుద్ధుడి ముందు కొట్టరు. నాగార్జునసాగర్ ఉన్న జిల్లా వాళ్లమైనా ఈ తేడా తెలియకపోతే ఎలా?

షింటో వాళ్లకు అతి పవిత్రమైన ఇసే క్షేత్రం సంగతే చూడండి. ముందు స్టేషన్ దగ్గరి బయటి గుడి గేకూలో అన్నం పెట్టే తల్లి తొయోఉకేకు మొక్కి, తర్వాత బస్సులో లోపలి గుడి నైకూకు, అంటే సూర్యదేవత అమతెరాసు దగ్గరికి వెళ్లడం ఆచారం. తెల్లవారి 5 గంటలకే తెరుస్తారు, మూసే వేళ నెలను బట్టి 5 నుంచి 7 లోపు. పది దాటితే జనం. గేకూలో దారికి ఎడమ పక్కన, నైకూలో కుడి పక్కన నడవాలి, నడిమి దారి దేవుడిది. చెప్పులు విప్పనక్కర్లేదు. దారంతా కంకర, మామూలు చక్రాల కుర్చీ కూరుకుపోతుంది.

మనవాళ్లు తడబడేది నీళ్ల తొట్టి దగ్గర. కుడిచేత్తో గరిటె పట్టి ఎడమచెయ్యి కడగాలి, చెయ్యి మార్చి కుడిది. ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని పుక్కిలించి, పక్కన ఉమ్మి, ఆ చెయ్యి మళ్లీ కడగాలి. చివరికి గరిటె నిలబెడితే మిగిలిన నీళ్లతో కాడ కూడా శుభ్రమవుతుంది. గరిటెను నోటికి పెట్టారో, అంతా ఎంగిలే. నైకూలో ఇసుజు నది ఒడ్డున చేతులు కడుక్కోవచ్చు. వాడపల్లి పుష్కరాలనుకుని నీళ్లలోకి దిగొద్దు, చిల్లర వెయ్యొద్దు.

రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మొక్కి, మళ్లీ ఒకసారి వంగాలి. కొబ్బరికాయ, హారతి, ప్రదక్షిణ ఏవీ లేవు. మూలవిరాట్టు దర్శనం అసలే లేదు, తెల్లటి తెర దాకానే. ఇంత దూరం వచ్చి దేవుణ్ణి చూడలేదే అని నొచ్చుకునేది ఇక్కడే. గుడి ముందు కృతజ్ఞత చెప్పి, సొంత కోరికలు వెనకాల అరమత్సురి గుడిలో చెప్పుకోవడం అక్కడి వాడుక. నైకూ మెట్ల పైన ఫొటోలు తీయనివ్వరు.

పక్కనున్న ఖాళీ స్థలాన్ని చూడకుండా రాకండి. 20 ఏళ్లకోసారి గుడిని పాత కొలతలతోనే అక్కడ కొత్తగా కడతారు. గతసారి 2013లో, వచ్చేసారి 2033లో.

ఇంట్లో చావు మైల ఉంటే జపనీయులు దాదాపు 50 రోజులు గుడికి వెళ్లరు. టికెట్లు కొనేముందు పెద్దలకు ఈ ముక్క చెబితే వాళ్లే ఆలోచించుకుంటారు.

— ఒక పాఠకుడు, మిర్యాలగూడ