ఆ జింక మాంసం ఫ్రీజర్లోనే ఉండనీ

వేళచ్చేరి, చెన్నై

ఒరేయ్ శీనూ,

నిన్న నువ్వు ఫోన్లో, ఆఫీసులో ఒకాయన వేటాడిన జింక మాంసం రెండు కిలోలు ఇచ్చాడు, ఆదివారం అల్లం వెల్లుల్లి దట్టించి వేపుడు చేస్తానంటే నాకు నోరూరిన మాట నిజమే. ఫోన్ పెట్టేశాక నువ్వుండేది అమెరికాలో విస్కాన్సిన్ అని గుర్తొచ్చి, రాత్రి ఒంటిగంట దాకా చదువుతూ కూర్చున్నా. వేపుడు ఆపరా. ముందు ఆ జింకకి టెస్టు చేయించాడో లేదో ఆయన్ని అడుగు.

మీ వైపు అడవి జింకలకి క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని ఒకటుంది, చిక్కి శల్యమై, చొంగ కారుస్తూ చస్తాయి. 1967లో కొలరాడోలో, పరిశోధన కోసం పెంచుతున్న జింకల్లో మొదట కనపడింది. మేతలో లోపమేమో అనుకున్నారు. పదేళ్ల తర్వాత బెత్ విలియమ్స్ అనే పశువైద్యురాలు చచ్చిన జింకల మెదడు మైక్రోస్కోపులో చూస్తే అంతా స్పాంజీలా చిల్లులే! మీ విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది.

దీనికి వైరస్సూ లేదు, బాక్టీరియా లేదు. మన ఒంట్లో కూడా ఉండే ఒక ప్రోటీను మడత తప్పుతుంది, అది పక్కదాన్ని తాకితే అదీ మడత తప్పుతుంది, అలా మెదడంతా పాకుతుంది. అలా మడత తప్పినదాన్ని ప్రియాన్ అంటారు. "బాగా ఉడికిస్తాంలే" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్. ముప్పై విజిల్స్ వేయించినా చావదురా, అసలు బతికుంటే కదా చావడానికి! ఉమ్మిలో, మూత్రంలో బయటికొచ్చి మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. నార్వేలో 2016లో రెయిన్‌డీర్‌లలో కనపడితే రెండువేల పైచిలుకు ఉన్న మందని మొత్తం లేపేశారు.

ఇవాళ సాయంత్రం పిల్లాణ్ణి గిండీ పార్కుకి తీసుకెళ్తే, కంచె అవతల ఒక దుప్పి ఒంటరిగా, పక్కటెముకలు లెక్కపెట్టేలా నిలబడి ఉంది. నా మొహం చూసి వాచ్‌మన్ నవ్వి "వయసాయిడుచ్చు సార్" అన్నాడు. ముసలిదట! చదివిన మర్నాడు ఇలాగే ఉంటుంది మన బుర్ర.

కానీ చిక్కిన జింకని ఎవడూ వండుకోడు కదా. జబ్బు పట్టాక ఏడాదిన్నర, రెండేళ్ల దాకా నిగనిగలాడుతూనే ఉంటుంది, మీ ఆఫీసాయన కొట్టింది అలాంటిదే అయితే? మనుషులకి సోకినట్టు ఇప్పటిదాకా ఒక్క కేసూ రుజువు కాలేదు, అది ఒప్పుకుంటా. అయినా పాజిటివ్ వస్తే తినొద్దనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఇంగ్లండులో ఆవుల పిచ్చి రోగం, అదీ ప్రియాన్ జబ్బే, 1986లో గుర్తించారు, మనుషుల దాకా వచ్చిందని తెలిసింది 1996లో.

టెస్టుకి గొంతు దగ్గరి గ్రంథులు కావాలట, కాబట్టి తలకాయ పారేశాడేమో అడుగు. పారేస్తే మొహమాటపడకుండా మాంసం వదిలెయ్. ఆదివారానికి కోడి తెచ్చుకో, ఆ మసాలా దానికి పట్టించు. ఆయనేమన్నాడో రాయి.

నీ
రమణ