ఆ కేబుల్ చుట్టలు విప్పించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ఒక పల్లెటూళ్ళో కేబుల్ ఆపరేటర్‌ని. ఊరూరికీ ఫైబర్ ఇచ్చే పథకం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మా ఊరికీ లైను వచ్చింది, పంచాయతీ ఆఫీసులో బాక్సు బిగించారు, బిల్లులు పాసయ్యాయి. నెట్ మాత్రం నిలబడదు. మండలంలో అర్జీ ఇచ్చాం. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం. ఊరంతా సంతకాలు పెట్టి మళ్ళీ ఇచ్చాం. "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆ సాయంత్రం కూడా బాక్సు మీద ఎర్ర లైటు కొట్టుకుంటూనే ఉంది.

అయ్యా, మా లైను ఎక్కడా తెగలేదు. దాన్ని వంచకూడనంత వంచారు, అంతే.

ఊరి చివర మలుపులో ఉన్న స్తంభం దగ్గరికి ఎవరినైనా పంపి చూడండి. మిగిలిన కేబుల్‌ని టీ సాసరంత చుట్టగా చుట్టి, బైండింగ్ వైరుతో బిగించి కట్టారు. వైరు పడిన చోట పైతొడుగు నొక్కుకుపోయింది. పంచాయతీ ఆఫీసు పిట్టగోడ అంచు మీద అదే కేబుల్‌ని నిలువుగా మడిచి కిందికి దించారు. ఆ కేబుల్ మందం 12 మిల్లీమీటర్లు. లాగేటప్పుడు వంపు వ్యాసార్థం మందానికి 20 రెట్లకు తగ్గకూడదని, కట్టేశాక 10 రెట్లకు తగ్గకూడదని ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. అంటే లాగేటప్పుడు 24 సెంటీమీటర్లు, కట్టాక 12. చుట్ట అడ్డంగా కనీసం 24 సెంటీమీటర్లు ఉండాలి. మా స్తంభం మీద ఉన్నది అందులో దాదాపు సగమే.

కాంట్రాక్టరు మనిషిని అడిగితే, ఇప్పుడొచ్చే ఫైబర్ ఎంత వంచినా ఏమీ కాదన్నాడు. ఇళ్ళలోకి వేసే సన్న వైర్లలో వంపు తట్టుకునే రకం ఉన్న మాట నిజమే. దానికీ ఒక హద్దు ఉంది. స్తంభాల మీద వెళ్ళే మెయిన్ లైను మామూలు ఫైబర్. అతిగా వంచితే నెట్‌ను మోసే వెలుతురు లోపలి గాజుపోగులోంచి బయటికి కారిపోతుంది. ఒత్తిడి అలాగే ఉంటే పోగు మీద కంటికి కనపడని పగుళ్ళు మెల్లగా పెరిగి, కొన్నాళ్ళకు అదే తెగిపోవచ్చు.

కంప్లైంట్ ఇచ్చినప్పుడల్లా టీమ్ వస్తుంది. 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుతురుతో ఒక్కసారి టెస్ట్ చేసి, లైను బాగుందని రాసుకుని పోతుంది. వంపు దెబ్బ అక్కడ సరిగా కనపడదు. 1550 దగ్గర చూస్తే అదే చోట నష్టం బయటపడుతుంది. రెండూ పక్కపక్కన పెడితే తప్పు వంపుదా, జాయింటుదా అన్నది చాలావరకు తేలిపోతుంది. మిషన్ వాళ్ళ చేతిలోనే ఉంటుంది, చూడరు. ఒకసారైతే బాగున్న జాయింటు కోసి మళ్ళీ అతికించారు, చుట్ట జోలికి మాత్రం పోలేదు. పంచాయతీలో వెలుతురు బలం కొలిచే మీటర్ పెడితే మైనస్ 29 డీబీఎం చూపిస్తోంది. ఆ బాక్సు మైనస్ 27 వరకే అందుకోగలదు, అంతకంటే బలహీనమైతే పనిచేయదు.

సర్టిఫికెట్ కోసం వచ్చిన ముసలివాళ్ళు సర్వర్ రాలేదన్న మాట విని తిరిగి పోతున్నారు. బడిలో పెట్టిన స్క్రీను నల్లగా ఉంటోంది. జనం వచ్చి నన్ను నిలదీస్తున్నారు. ఏం చెప్పమంటారు? నిచ్చెన వేసుకుని నేనే ఆ చుట్ట విప్పగలను. కానీ ప్రభుత్వ లైను మీద చెయ్యి వేస్తే కేసు పెడతామన్నారు.

చేతులు జోడించి అడుగుతున్నాను. ఆ చుట్టలు విప్పించండి. మా మండలంలో ప్రతి మలుపు స్తంభమూ చూపించండి. కిలోమీటర్ల లెక్కన బిల్లు పాస్ చేసే ముందు 1310, 1550 రెండింటిలోనూ టెస్ట్ రిపోర్టు అడగండి. ముందు ఆ ఊరి చివరి స్తంభం దగ్గరికి మనిషిని పంపండి. ఇంకో మెసేజ్ వద్దు, మనిషిని పంపండి.

ఇట్లు
మీ విధేయుడు,
ఒక పల్లెటూరి కేబుల్ ఆపరేటర్