సత్యానికి, పై చదువు గురించి

లింకన్, నెబ్రాస్కా

ప్రియమైన సత్యం,

"నలభై మూడేళ్ల వాడికి అమెరికాలో సీటు ఎవరిస్తారు?" అని అడిగావు. ముందు దానికే జవాబు చెబుతాను. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసాకు గరిష్ఠ వయసు అంటూ ఏదీ లేదు. ఫెడరల్ నిధులు తీసుకునే విద్యాసంస్థలు వయసును బట్టి వివక్ష చూపకూడదని ఇక్కడ 1975లోనే చట్టం చేశారు. నేను చదువుకుంటున్న తరగతిలో నాకంటే పెద్దవాళ్లు ఉన్నారు, వాళ్లను ఎవరూ వింతగా చూడరు. ఆ భయం వదిలెయ్యరా.

నిన్ను అందరూ అడిగేది ఒక్కటే: ఇన్నేళ్లు ఉద్యోగం చేసి, ఇప్పుడెందుకు చదువు? దరఖాస్తు చదివే ప్రొఫెసర్లు దానికి జవాబు వెతుకుతారు. వీసా అధికారి కిటికీ అవతల నుంచి అదే అడుగుతాడు. చెల్లెమ్మ ఈపాటికి అడిగే ఉంటుంది.

అందుకే ఎందుకు చదవాలనుకుంటున్నావో చెబుతూ దరఖాస్తు కోసం నువ్వు రాసి పంపిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ చదివితే నాకు కోపం వచ్చింది. "చిన్నప్పటి నుంచీ సైన్సు అంటే నాకు ఎంతో ఆసక్తి" అని మొదలుపెట్టావు. ఇరవై రెండేళ్ల పిల్లలకు కన్సల్టెన్సీలు రాసిచ్చే వాక్యం అది! నీ ఉద్యోగమంతా చివర రెండు వాక్యాల్లో సర్దేశావు. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో నువ్వు చూసినవి ఏమయ్యాయి? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోరు నీళ్లు, నడుము వంగిపోయిన మనుషులు, ఇవన్నీ నాతో రాత్రుళ్లు గంటల తరబడి చెప్పావే! పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు దాన్ని రూపొందించారని ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటారు. ఊళ్లో అది ఎందుకు నడవలేదో నీకు తెలుసు. నీటిని బట్టి రోజూ మోతాదు చూసి కలిపే మనిషి ఉండాలి. అడుగున చేరిన బురదను ఎక్కడ పోయాలో ఎవరూ చెప్పలేదు. అదే రాయి. కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాక ఆ పాత బోర్ల సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదన్న నీ బాధ కూడా రాయి. ఏ లెక్కలు రాక, కంప్యూటర్‌లో నీటి కదలికను అంచనా వేసే ఏ మోడలింగ్ తెలియక నీ పని ఆగిపోయిందో చెప్పు. అప్పుడు "ఇప్పుడెందుకు" అన్నదానికి జవాబు దానంతట అదే వస్తుంది.

విశ్వవిద్యాలయాలను కూడా ఆ పనిని బట్టే ఎంచుకో, ర్యాంకుల జాబితా పట్టుకుని కూర్చోకు. ట్యూసాన్‌లోని అరిజోనా విశ్వవిద్యాలయం ఎడారి నేల మీద ఉంది, హైడ్రాలజీకి, అంటే జలశాస్త్రానికి, పేరున్న చోటు. ఇక్కడ నెబ్రాస్కాలో మా కాళ్ల కింద ఒగలాలా భూగర్భ జలాశయం ఉంది. 8 రాష్ట్రాల కింద పరుచుకున్న ఆ నీటిని వ్యవసాయానికి తోడేస్తుంటే కొన్నిచోట్ల మట్టం ఎలా పడిపోతోందో చూస్తే నీకు మన బోర్లే గుర్తొస్తాయి. ఎవరి పరిశోధన నీ పనికి దగ్గరగా ఉందో చూసి, ఆ ప్రొఫెసర్‌కు నాలుగు వాక్యాల్లో నేరుగా రాయి.

పరీక్షల గురించి ఎక్కువ దిగులుపడకు. పీజీ ప్రవేశాలకు రాసే జీఆర్‌ఈని 2023 సెప్టెంబరులో కుదించారు, ఇప్పుడు రెండు గంటల లోపే. దాన్ని అడగని డిపార్ట్‌మెంట్లు కూడా చాలా ఉన్నాయి. ఇంగ్లీషు పరీక్ష టోఫెల్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా రాయకు. నీ మార్కుల పత్రాల మీద మాత్రం ఇప్పుడే కూర్చో. మన డిగ్రీలు జేఎన్‌టీయూ 2008లో విడిపోకముందువి. ట్రాన్‌స్క్రిప్టులు, అంటే విశ్వవిద్యాలయం ధ్రువీకరించిన మార్కుల పత్రాలు, ఎక్కడ ఇస్తారో, ఎన్నాళ్లు పడుతుందో ఈ నెలలోనే వెళ్లి కనుక్కో. సిఫారసు లేఖల్లో ఒకటి పాత మాస్టారిది ఉంటే మంచిదే. మిగిలినవి నీ పనిని కళ్లారా చూసిన పై ఇంజినీర్ల దగ్గర తీసుకో. "క్రమశిక్షణ గల వ్యక్తి" అని రాస్తే లాభం లేదు, నువ్వు ఏం చేశావో వాళ్లు రాయాలి.

ఇక డబ్బు. ఇక్కడ మన వయసు వాళ్లకే బరువు ఎక్కువ. మొదటి ఏడాది ఖర్చుకు ఆధారం చూపిస్తేనే విశ్వవిద్యాలయం వీసాకు కావలసిన ఐ-20 పత్రం ఇస్తుంది. ఆ తర్వాత విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే సెవిస్ వ్యవస్థకు కట్టే రుసుము 350 డాలర్లు, వీసా రుసుము వేరే. చెల్లెమ్మ నీ మీద ఆధారపడ్డ కుటుంబానికిచ్చే ఎఫ్-2 వీసా మీద వస్తే ఇక్కడ ఉద్యోగం చేయకూడదు. అమ్మాయి బడికి వెళ్లవచ్చు. ఒక ఇంట్లో రెండు జీతాలూ ఒకేసారి ఆగిపోతే ఏమవుతుందో కాగితం మీద రాసుకుని, ఇద్దరూ కూర్చుని చూడండి. ఇల్లు తాకట్టు పెట్టి రావద్దని నీకు గట్టిగా చెబుతున్నాను. విశ్వవిద్యాలయంలోనే బోధనకో పరిశోధనకో సాయం చేసే అసిస్టెంట్‌షిప్ దొరికితే ఫీజు భారం చాలావరకు తగ్గుతుంది, నెలకు కొంత చేతికీ వస్తుంది. సెమిస్టరు నడుస్తుండగా వారానికి 20 గంటల వరకే పని చేయనిస్తారు. ఆ అవకాశం కావాలంటే డిసెంబరు, జనవరి దరఖాస్తు గడువులు దాటనివ్వకు. అది దొరక్కపోతే ఒక ఏడాది ఆగు. ఆగడం వల్ల నీకు పోయేదేమీ లేదు.

శాఖలో రాజీనామా మాట ఎత్తకు, చదువు సెలవుకు అర్జీ పెట్టు. 1952 నాటి వలస చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉంది. దాని ప్రకారం, తిరిగి వెళ్తావని నువ్వు నమ్మించేదాకా ఇక్కడే ఉండిపోవడానికి వస్తున్నావనే అధికారి అనుకోవాలి. నీ కోసం అట్టిపెట్టిన ఉద్యోగం, నల్లగొండలో మిగిలిన పని, ఇవి నీ దగ్గర నిజంగానే ఉన్నాయి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా అధికారితో మాట్లాడే సమయం రెండు మూడు నిమిషాలే. స్టేట్‌మెంట్‌లో రాసిందే అక్కడ నీ మాటల్లో చెప్పు, బట్టీ పట్టకు.

తరగతి గురించీ అడిగావు. మొదటి సెమిస్టరులో లెక్కలు కష్టమే. మన తెలుగు పిల్లలు కొందరు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని నాకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పించారు. వాళ్లను చూస్తే కడుపు నిండిపోతుంది. క్షేత్రస్థాయి సంగతులు వస్తే వాళ్లే నన్ను అడుగుతారు. నిన్నూ అలాగే అడుగుతారు.

ఆ స్టేట్‌మెంట్ పక్కన పడేసి మర్రిగూడ నుంచి మళ్లీ మొదలుపెట్టు. తెలుగులోనే రాసి పంపినా సరే, ఇంగ్లీషు సంగతి ఇద్దరం తర్వాత చూసుకుందాం. చెల్లెమ్మ ఏమంటోందో కూడా దాచకుండా రాయి.

నీ
రఘు