పెన్ను మరచిపోవద్దు

కావలి

అమ్మలూ,

షుగరుకి ఇన్సులిన్ పంపు పెట్టుకున్నాక నువ్వు హాస్టల్‌కి వెళ్లడం ఇదే మొదలు. ఫోన్లో చెబితే "సరే నాన్నా, సరే నాన్నా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

నీకు సూదులు తప్పాయని మీ నాయనమ్మ వీధంతా చెప్పొచ్చింది. షుగరే పోయిందనుకుని పక్కింటావిడ లడ్డూలు పంపింది. నేను దిద్దలేదు, లడ్డూలు బాగున్నాయి.

ఇంతకుముందు రోజుకోసారి వేసుకునే లాంటస్ ఇన్సులిన్ రోజంతా ఒంట్లో ఉండేది. ఇప్పుడది లేదు. పంపులో ఉండేది త్వరగా పనిచేసి త్వరగా అయిపోయే ఇన్సులిన్ ఒక్కటే. చుక్క చుక్కగా వెళ్లేది ఆగిందంటే కొన్ని గంటల్లోనే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు చేరడం మొదలవుతుంది. మన రొయ్యల చెరువులో నీళ్లకి గాలి అందించే ఏరేటర్ల సంగతి చూశావుగా, రాత్రి కరెంటు పోయి అవి ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. అందుకేగా గట్టు మీద జనరేటరు పెట్టుకున్నాం. నీ జనరేటరు ఆ ఇన్సులిన్ పెన్ను. కాలేజీకి వెళ్లినా, సినిమాకి వెళ్లినా బ్యాగులో ఉండాల్సిందే.

షుగరు 250 దాటి, పంపుతో డోసు ఇచ్చాక కూడా గంటా రెండు గంటల్లో దిగకపోతే ఇక పంపుని నమ్మొద్దు. కీటోన్లు చూసుకో, డోసు పెన్నుతో వేసుకో, పంపు నుంచి ఒంట్లోకి ఇన్సులిన్ తెచ్చే గొట్టం సెట్టు మార్చేయి. చర్మం కింద గొట్టం వంగిపోయినా వెంటనే అలారం మోగుతుందని లేదు. వాంతులు మొదలైతే నాకు ఫోన్ చేసేది తర్వాత, ముందు ఆస్పత్రికి పో.

రెండు మూడు రోజులకోసారి మార్చే సెట్టు పొద్దున పూట మార్చుకో. పడుకోబోయే ముందు మారిస్తే, అది సరిగ్గా ఎక్కకపోయినా నిద్రలో తెలీదు. ఒకేచోట గుచ్చితే గడ్డ కడుతుందని డాక్టరమ్మ నీకెన్నిసార్లు చెప్పిందో నేను లెక్కపెట్టలేదు.

తిండి దగ్గర నీకు నేను చెప్పేదేముంది, లెక్కల్లో నువ్వే నయం. చేపల పులుసుకి భయపడకు, దాని కింద ఉన్న అన్నానికి లెక్క వెయ్యి. కప్పు అన్నంలో 45 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. బిర్యానీ తిన్న రోజు మాత్రం కొవ్వు వల్ల షుగరు ఆలస్యంగా ఎక్కుతుంది. డోసు కొంత అప్పుడే, మిగిలింది మెల్లగా వెళ్లేలా పెట్టే పద్ధతి ఉందిగా, ఎంత పెట్టాలో డాక్టరమ్మని అడుగు. రోహిణి కార్తెలో బస్సు కిటికీ పక్కన కూర్చుంటే పంపుకి ఎండ తగలనీయొద్దు, వేడికి ఇన్సులిన్ పాడవుతుంది.

పెళ్లిలో పంపు ఎవరికీ కనపడనీయొద్దని మీ అత్త అంది. నాకది నచ్చలేదు. సెల్‌ఫోనా అని ఎవరన్నా అడిగితే, చెప్పే ఓపిక లేనప్పుడు అవునను. సిగ్గుపడి మాత్రం అనొద్దు. తగిలించుకోవడానికి వీలుగా ఉంటుందని మీ అమ్మ నీ లంగాలకి లోపల జేబులు కుడుతోంది, దాచడానికి కాదు.

ఖరీదు గురించి బెంగపడకు. ఈసారి రొయ్యలు బాగా ఎదిగాయి, పట్టుబడికి మంచి కౌంటు వచ్చింది.

ఇకనుంచి ఫోన్ చేయగానే షుగరెంత అని అడగను. ఏం తిన్నావని అడుగుతా. షుగరు చివర్లో అడుగుతా.

మీ నాన్న