360 రోజుల సంగతి వ్యాసంలో రాలేదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ప్రవాస తెలుగువారి పేజీలో, అమెరికాలో సొంత పడవ మీద జనాన్ని చేపల వేటకు తీసుకువెళ్లి సంపాదించుకునే మార్గం గురించి వచ్చిన వ్యాసం చదివాను. అందులో "మూడు వారాంతాలు కోర్సుకు వెళితే కెప్టెన్‌ లైసెన్సు చేతికి వస్తుంది" అని ఒకచోట, "పౌరసత్వం లేనివారికి ఈ అవకాశం లేదు" అని మరొకచోట రాశారు. రెండూ సరికావు. మొదటిది నమ్మినవారు డబ్బు పోగొట్టుకుంటారు. రెండోది నమ్మినవారు తమకున్న దారిని తామే మూసుకుంటారు. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌ అఖాతంలో ఏళ్ల తరబడి పడవ నడిపి ఆ లైసెన్సు పొందినవాణ్ని కనుక, ఈ నాలుగు మాటలు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

కిరాయికి ఆరుగురి దాకా ప్రయాణికులను ఎక్కించుకుని, 100 గ్రాస్‌ టన్నులకు (ఇది బరువు కాదు, పడవ లోపలి పరిమాణపు కొలత) లోపు పడవను నడిపేవారికి అమెరికా కోస్ట్‌గార్డ్‌ ఇచ్చే అనుమతి ఇది. కాగితాల మీద దీని పేరు ఓయూపీవీ, అంటే కోస్ట్‌గార్డ్‌ తనిఖీ పరిధిలోకి రాని ప్రయాణికుల పడవను నడిపేవారి లైసెన్సు. రేవుల్లో మాత్రం అందరూ 'సిక్స్‌ప్యాక్‌' అనే అంటారు. దరఖాస్తుదారుకు 18 ఏళ్లు నిండాలి, పడవ మీద 360 రోజులు పనిచేసిన అనుభవం ఉండాలి, అందులో కనీసం 90 రోజులు గడచిన మూడేళ్లలోనివై ఉండాలి. తీరం దాటి సముద్రంలోకి పోయే అనుమతి కావాలంటే ఆ 360లో 90 రోజులు సముద్ర జలాల్లో గడిపినవి కావాలి. లేకపోతే తీరం లోపలి జలాలకే పరిమితం చేస్తారు. ఇంత ముఖ్యమైన సంగతి మీ వ్యాసంలో ఒక్క వాక్యంగానైనా లేదు.

ఈ 'రోజు' అన్న మాటకూ ఒక కొలత ఉంది. నీటి మీద నాలుగు గంటలకు తక్కువ కాకుండా గడిపితేనే అది ఒక రోజు కింద లెక్క. ఎనిమిది గంటలు గడిపినంత మాత్రాన రెండు రోజులు కావు. వారమంతా ఆఫీసులో పనిచేసి శనివారం మాత్రమే పడవ తీసేవారికి ఏడాదిలో ఒక్క వారమూ తప్పకపోయినా 52 రోజులే వస్తాయి. అంటే 360 పూర్తి కావడానికి దాదాపు ఏడేళ్లు పడుతుంది. ఈ రోజులను ఏ పడవ మీద, ఏ నెలలో ఎన్ని అని సీజీ-719ఎస్‌ అనే ఫారంలో నింపాలి. సొంత పడవైతే అది తనదేనన్న రుజువు జతచేసి తానే సంతకం పెట్టుకోవచ్చు. ఇతరుల పడవైతే యజమాని సంతకం కావాలి. అడిగేవాడు లేడు కదా అని అంకెలు పెంచి రాయమని సలహా ఇచ్చేవారు నాకూ తగిలారు. ప్రభుత్వానికి తెలిసీ తప్పుడు సమాచారం ఇవ్వడం అక్కడ ఫెడరల్‌ నేరం, అయిదేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం.

అయినా ఆ రోజుల విలువ శిక్ష భయంలో కంటే వేరే చోట ఉందని నాకు అనుభవం మీద తెలిసింది. పడవ కొన్న మొదటి చలికాలంలో ఒకనాటి ఉదయం నలుగురు మిత్రులతో రెడ్‌ఫిష్‌ అనే చేపల కోసం అఖాతంలోకి వెళ్లాను. గంట గడిచేసరికి పొగమంచు కమ్మి, పడవ ముక్కున కట్టిన తాడు కూడా కనిపించలేదు. చేతిలో ఉన్న ఫోను మ్యాపులో చుట్టూ నీలం రంగు తప్ప మరేమీ లేదు. అంతలో ఎక్కడి నుంచో ఒక పెద్ద కూత, అయిదారు సెకన్ల పాటు సాగి ఆగింది. రెండు నిమిషాలు కాకముందే మళ్లీ వినిపించింది. అది కదులుతున్న ఓడ మోగించే కూత అని గానీ, మేము హ్యూస్టన్‌ ఓడల కాలువ మధ్యలో ఉన్నామని గానీ నాకు తెలియదు. ఇంజను ఆపితే భద్రమనుకుని ఆపేశాను. మంచులోంచి నల్లటి గోడలాగా ఓడ పక్క కనిపించి, మా పక్కగా జరిగిపోయింది. దాని వెనక వచ్చిన అలకు పడవలోని వలబుట్టా మంచినీళ్ల డబ్బా నీటిలో పడ్డాయి. మిత్రుల్లో ఒకరు ఆ తరువాత ఎన్నడూ పడవ ఎక్కలేదు.

ఆ రోజు నేను చేయవలసిన పని చాలా చిన్నది. గాల్వెస్టన్‌ అఖాతం సగటు లోతు రెండు మీటర్లకు కాస్త అటూ ఇటూ. ఓడలు తిరగడానికి తవ్విన కాలువ ఒక్కటే లోతైనది. కాలువ అంచును చూపే బోయా (నీటిపై తేలే గుర్తు) దాటి వంద గజాలు పక్కకు వెళ్లి లంగరు వేసి ఉంటే, ఆ ఓడ రావాలన్నా రాలేదు. ఇరుకు కాలువలో తప్ప నడవలేని ఓడకు 20 మీటర్ల లోపు పడవ అడ్డు రాకూడదన్న నియమాన్ని తరువాత పుస్తకంలో చదివినప్పుడు, అది నాకు ఆ నల్లటి గోడలాగే కనిపించింది. నియమం పుస్తకంలో దొరుకుతుంది. బోయా ఎటు ఉంది, నీరు ఎక్కడ పలచబడుతుంది, ఆటు సమయంలో పడవ ఎటు జారుతుంది అన్నవి మాత్రం ఆ 360 రోజుల్లోనే అలవడతాయి.

కోర్సును నేను తక్కువ చేయడం లేదు. కోస్ట్‌గార్డ్‌ గుర్తింపు ఉన్న బడిలో పరీక్ష నెగ్గితే మళ్లీ వారి కార్యాలయానికి వెళ్లి రాయనక్కరలేదు. పరీక్ష కూడా ఆషామాషీ కాదు. జలమార్గ నియమాల భాగంలో నూటికి 90 మార్కులు రావాలి. అయితే ఆ కోర్సు పట్టా ఏడాది పాటే చెల్లుతుంది. నాకు తెలిసిన ఒక యువకుడు ఇలాంటి ప్రచారమే నమ్మి ముందు కోర్సు పూర్తిచేశాడు. అప్పటికి అతని ఖాతాలో 70 రోజులైనా లేవు. మిగిలిన రోజులు కూడేలోపు పట్టా గడువు తీరిపోయింది, ఫీజు మళ్లీ కట్టవలసి వచ్చింది. ముందు రోజులు కూడబెట్టుకుని ఆ తరువాతే కోర్సుకు వెళ్లాలి. అంతకంటే ముందు కళ్లు చూపించుకోవాలి. రాత్రివేళ ఎదుటి పడవ ఎడమ పక్క ఎరుపు దీపం, కుడి పక్క ఆకుపచ్చ దీపం ఉంటాయి. అది ఎటు పోతున్నదీ వాటిని చూసే తెలుసుకోవాలి కనుక వైద్య పరీక్షలో రంగుల గుర్తింపు కూడా ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా తెలియని వారికి ఆ సంగతి కోర్సు ఫీజు కట్టిన తరువాత బయటపడటం అన్యాయం. ఇవి కాక మత్తుపదార్థాల పరీక్ష, రవాణా భద్రతా సంస్థ ఇచ్చే ట్విక్‌ అనే గుర్తింపు కార్డు, ప్రథమ చికిత్స, సీపీఆర్‌ శిక్షణ పత్రాలు కావాలి.

ఆరుగురు అన్న లెక్కను కూడా మీ వ్యాసకర్త "ఏడెనిమిది మంది అయినా ఫరవాలేదు" అన్న ధోరణిలో దాటవేశారు. 1951 సెప్టెంబరు 1న న్యూయార్క్‌ రాష్ట్రంలోని మాంటాక్‌ దగ్గర 'పెలికాన్‌' అనే చేపల వేట పడవ మోయగలిగిన దానికి మించి జనాన్ని ఎక్కించుకుని బోల్తాపడింది. ఉన్నవారు 64 మంది, చనిపోయినవారు 45 మంది. ఆ తరువాత 1956లో, ఆరుగురికి మించి ప్రయాణికులను ఎక్కించుకునే చిన్న పడవలకు తనిఖీ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఏడో ప్రయాణికుడు ఎక్కితే అది వేరే రకం పడవ కింద లెక్క. ఈ లైసెన్సు దానికి చాలదు.

మనవాళ్లలో చాలామందికి తెలియక జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. లైసెన్సు లేనివారు తమ పడవ మీద తెలిసిన కుటుంబాలను తీసుకువెళ్లి, తలకు ఇంత అని ముందే చెప్పి వసూలు చేస్తారు. దాన్ని పెట్రోలు ఖర్చు అంటారు. అందరూ ఇష్టపూర్వకంగా ఆ ప్రయాణానికి అయిన అసలు ఖర్చు పంచుకుంటే తప్పులేదు. డబ్బు ఇస్తేనే ఎక్కించుకుంటాను అన్న షరతు ఉంటే మాత్రం, ఆ ఎక్కినవారు చట్టం దృష్టిలో కిరాయి ప్రయాణికులే, పడవవాడు లైసెన్సు లేని కెప్టెనే. ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే అవుతుంది.

ఇక పౌరసత్వం విషయం. కోస్ట్‌గార్డ్‌ వద్ద జాతీయ రిజిస్టరులో నమోదు కాని పడవలకు పరిమితం చేస్తూ, గ్రీన్‌ కార్డు ఉన్నవారికి కూడా ఈ లైసెన్సు ఇస్తారు. ప్రయాణికులను కిరాయికి తిప్పే పడవ అయిదు నెట్‌ టన్నులు (ఇదీ పరిమాణపు కొలతే) గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ నమోదు కావాలి. అఖాతాల్లో గాలం వేటకు వాడే మామూలు పడవలు చాలావరకు దానికి లోపే ఉంటాయి. కనుక గ్రీన్‌ కార్డు మీద ఉండి, నీటి మీద ప్రేమ ఉన్న మనవాళ్లు నిరాశపడనక్కరలేదు. రాష్ట్రం ఇచ్చే ఫిషింగ్‌ గైడ్‌ లైసెన్సు, కిరాయి పడవలకు నిర్దేశించిన రకం లైఫ్‌జాకెట్లు మాత్రం దీనికి అదనం.

దయచేసి ఈ వారం అదే పేజీలో సవరణ ప్రచురించండి. ప్రచురించేటప్పుడు 'ఒక రోజు అంటే నీటి మీద నాలుగు గంటలకు తక్కువ కానిది' అన్న మాట వదలకండి. మీ వ్యాసం చదివి, కోర్సుకు డబ్బు కట్టబోతూ నాకు ఫోను చేసిన ఇద్దరికీ తెలియని సంగతి అదే.

— ఒక పాఠకుడు, హ్యూస్టన్‌