మా సరుకు ఏ గడిలోకి వస్తుందో చెప్పండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారములు. కొబ్బరి అనుబంధ పరిశ్రమలకు మీరు ప్రకటించిన పెట్టుబడి రాయితీ గురించి మీకు నేను వివరించనవసరం లేదు. ఆ ప్రకటన చేసిన సభలో చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను. ఆ తరువాత 18 నెలల్లో నాలుగు వినతిపత్రాలు ఇచ్చాను. మొదటి మూడింటికి రసీదైనా దక్కింది, నాలుగోదానికి అదీ లేదు. అందుకే ఈ ఐదోదాన్ని పదిమందీ చదివేలా రాస్తున్నాను.

మాది అంబాజీపేట దగ్గరి ఒక పల్లె. ఎండు కొబ్బరి కోసం కాయలు కొట్టే షెడ్ల దగ్గర ముదురు కాయల నీళ్లు బోదెల్లోకి పోవడం, రెండో రోజుకల్లా పులిసి కంపు కొట్టడం కోనసీమలో పుట్టినవారెవరికీ కొత్త కాదు. మేము ఆ నీళ్లను పారబోయక ముందే పట్టి తెచ్చి, గుడ్డతో వడగట్టి, కాచి, కొంచెం పంచదార, తగినంత ఎసిటిక్ ఆమ్లం కలిపి, చల్లారాక కిందటి విడత పులుపు నీళ్లను తోడుగా వేసి, వెడల్పాటి ట్రేలలో పోసి, కాగితం కప్పి పెడతాము. పాలకు తోడు వేసినట్టే అనుకోండి, ఆ తోడులోని బ్యాక్టీరియాయే మిగతా పని చేస్తుంది. మూడో రోజుకు పైన పలుచని మీగడ కడుతుంది. పదిహేను రోజులకు అది బొటనవేలంత మందాన, తాటి ముంజెలా తెల్లగా, జారుడుగా తయారవుతుంది. అందులో నూటికి తొంభై తొమ్మిది వంతులు నీరే. మిగిలినదే సెల్యులోజ్, అంటే దూదిలో, కాగితంలో ఉండే నార పదార్థం, అదీ కలపలో ఉన్నట్టు లిగ్నిన్ అనే బంక పదార్థం అంటుకోని శుద్ధమైన సెల్యులోజ్. ముక్కలుగా కోసి, పులుపు పోయేదాకా నీళ్లు మారుస్తూ కడిగి, ఉడికించి పాకంలో వేస్తే ఫిలిప్పీన్స్ వారి నాటా డి కోకో అనే తీపి తినుబండారం. 1993లో జపాన్‌ వారు దాని కోసం ఎగబడ్డారు. అదే పొరను మరో తీరులో శుద్ధి చేస్తే గాయాలకు కట్టే పట్టీ అవుతుంది.

ఇక్కడి నుంచి మొదలవుతుంది మా అవస్థ. మీ రాయితీ దరఖాస్తులో సరుకు ఏ వర్గమో గుర్తు పెట్టడానికి ఆహారం, వస్త్రం, రసాయనం, పీచు అని నాలుగు గడులున్నాయి. తినే వస్తువు కదా అని నేను మొదట ఆహారం గడిలో గుర్తు పెట్టాను. దరఖాస్తులో బ్యాక్టీరియా అన్న మాట ఉందనీ, అది ఉన్నది ఆహారం కాజాలదనీ తిప్పి పంపారు. ఆ అధికారి గారు రోజూ పెరుగన్నం తింటారో లేదో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. రెండోసారి రసాయనం గడిలో పెడితే, సెల్యులోజ్ అన్నారు కాబట్టి ఏ కర్ర వాడుతున్నారో, ఎన్ని టన్నులో, ఎక్కడి నుంచి తెస్తున్నారో రాసివ్వమన్నారు. రాజమహేంద్రవరం కాగితపు మిల్లును చూసిన కళ్లకు సెల్యులోజ్ అంటే కర్ర, వెదురే గుర్తుకు రావడం సహజమే కాబట్టి తప్పు పట్టను. కర్ర వాడమని రాసిచ్చాను. కర్ర లేనప్పుడు సెల్యులోజ్ ఎలా వస్తుందని అడుగుతూ మరో కాగితం వచ్చింది. మూడోసారి నారపోగుల సరుకు కాబట్టి వస్త్రం వైపు వెళ్లమన్నారు. వస్త్రం వారు మగ్గం ఎక్కడుందని అడిగారు.

పులియబెట్టడం అన్న మాట చూసి ఇంకొక కార్యాలయం వారు సారా అనుమానంతో వచ్చారు. అయ్యా, ఒక్క మాట మనవి చేసుకుంటాను. సారా తయారుచేసేది ఈస్ట్. మా ట్రేలో ఉన్నది వెనిగర్ కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా, దానికి సారా పోస్తే దాన్ని కూడా ఆమ్లంగా మార్చేస్తుంది. ఈ బ్యాక్టీరియా సెల్యులోజ్ కడుతుందని ఇంగ్లండ్‌లో బ్రౌన్ అనే రసాయన శాస్త్రవేత్త 1886లోనే రాశారు. అప్పటినుంచి ఇప్పటివరకు మీ శాఖ జాబితాలో దానికొక గడి దొరకకపోవడానికి సమయం చాలలేదనుకోవాలా?

తనిఖీ సంగతి కూడా చెప్పాలి. మా బ్యాక్టీరియాకు గాలి కావాలి, కాబట్టి అది నీటి పైనే, గాలి తగిలే చోటే పొర కడుతుంది. ట్రేను కదిలిస్తే ఆ పొర మునిగిపోయి, దానిపైన మరో కొత్త పొర మొదలవుతుంది. చివరికి చేతికి వచ్చేది విడివిడి పొరలే తప్ప కోయడానికి పనికొచ్చే ఒక్క దిమ్మ కాదు. ఈ విషయం గుమ్మం దగ్గరే విన్నవించాను. అయినా వచ్చినవారిలో ఒకరు తొమ్మిదో రోజు ట్రేను ఒక చివర పట్టి పైకెత్తి, అడుగున ఏముందో చూశారు. ఇంకొకరు కాగితం తీసి వేలితో నొక్కి, ఇది ప్లాస్టిక్ కాదు కదా అన్నారు. కాగితం తీసిన వరుస ట్రేలకు మర్నాటికి పులుపు వాసన పట్టే చిన్న ఈగలు చేరాయి, నాలుగో నాటికి నల్ల బూజు వచ్చింది. ఇరవై రెండు ట్రేలు బోదెలో పోశాను. ఏ నీళ్లను బోదెలోకి పోనివ్వకూడదని మొదలుపెట్టామో ఆ నీళ్లే, మా పంచదారతో సహా, ఆ బోదెలోకే పోయాయి. నివేదికలో మాత్రం ఉత్పత్తి స్థిరంగా లేదని రాశారు.

ఉత్పత్తి స్థిరంగా ఎలా ఉంటుంది? ఈ బ్యాక్టీరియాకు 28 నుంచి 30 డిగ్రీల వేడి సుఖం. మేలో మా రేకుల షెడ్డులో అది నిలవాలంటే కూలర్లు తిరగాలి. మా యూనిట్ ఏ వర్గమో తేలలేదు కనుక పరిశ్రమల కరెంటు ధర మాకు వర్తించదట, దుకాణాల ధరే కడుతున్నాము. రాయితీ వస్తుందన్న ధైర్యంతో తెచ్చిన బ్యాంకు అప్పుకు వడ్డీ మాత్రం, మేము ఏ గడిలో ఉన్నామని అడగకుండానే, ప్రతి నెలా ఐదో తారీఖున ఖాతాలోంచి పోతోంది. పనిచేసే ఐదుగురు ఆడవాళ్లలో ఇద్దరిని ఉగాది తరువాత రావద్దని చెప్పాల్సి వచ్చింది. వాళ్లు మళ్లీ కొబ్బరి ఒలుపు దగ్గరికే వెళ్లారు.

నేను కొత్త పథకం అడగడం లేదు. ఎక్కువ రాయితీ కూడా అడగడం లేదు. మా సరుకును ఏదో ఒక గడిలో పెట్టండి. ఆహారం అంటే ఆహారమే, రసాయనం అంటే రసాయనమే, పీచు అన్నా ఒప్పుకుంటాను, కోనసీమలో పీచుకు కాస్త గౌరవం ఉంది. ఏదీ కాకపోతే ‘ఇతరములు’ అని ఐదో గడి ఒకటి గీయించండి, గీతలకయ్యే సిరా ఖర్చు మేమే పెట్టుకుంటాము. వేడుకుంటున్నాను, ఏదో ఒక గడిలో పెట్టండి.

మరోసారి తనిఖీ ఉంటుందని మొన్న ఫోనులో చెప్పారు, తేదీ మాత్రం చెప్పలేదు. ప్రస్తుతం షెడ్డులో ఆరు ట్రేలున్నాయి, నేటికి నాలుగో రోజు. మీ సిబ్బందిని పదహారో రోజున పంపించగలరు. అంతకుముందే రావలసి వస్తే, దయచేసి గుమ్మం దగ్గర నిలబడి చూడమనండి.

ఇట్లు,
భవదీయురాలు,
ఏ గడిలోనూ లేని ఒక యూనిట్ యజమానురాలు,
కోనసీమ